90 రోజుల తరవాత ఆ టేపు ఏమవుతుంది?

భారత ప్రభుత్వ సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి, పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం బాధ్యతలు చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను ఖమ్మంలో ఉంటున్న ఒక టీవీ ప్రేక్షకుణ్ణి. సినిమా రంగంతో గానీ టీవీ రంగంతో గానీ నాకు ఏ సంబంధమూ లేదు. 1990లలో ప్రైవేటు చానళ్లలో వారం వారం వచ్చిన దయ్యాల కథల కార్యక్రమాలను, ముఖ్యంగా 1993లో జీ టీవీలో మొదలైన 'జీ హారర్ షో'ను, దేశం దాచుకోవలసిన వాటిలో చేర్చమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. అది ఒక్క కార్యక్రమంతో ఆగకుండా, ప్రసారమైన కార్యక్రమాలన్నిటి ప్రతులూ ప్రభుత్వ భాండాగారానికి చేరేలా చట్టం చేయమన్నది నా అసలు విన్నపం. దయ్యాల సీరియల్ గురించి ప్రభుత్వానికి లేఖ ఏమిటని మీకు నవ్వు వస్తే నేను తప్పు పట్టను. చివరిదాకా చదవమని మాత్రం మనవి.

మా వీధికి కేబుల్ వచ్చిన కొత్తలో కలర్ టీవీ ఉన్నది మా పెదనాన్న గారి ఇంట్లోనే. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చారు కాబట్టి ఆయనకు హిందీ వచ్చు, మాకెవరికీ రాదు. రాత్రి అన్నాలు తిన్నాక చాపలు పరుచుకుని పది పన్నెండు మందిమి కూర్చుంటే, తెర మీద వాళ్ళు రెండు మాటలు అనగానే ఆయన నాలుగు మాటల్లో తెలుగులో చెప్పేవారు. కార్యక్రమం అయ్యాక దొడ్లోకి వెళ్ళాలంటే దారిలో చింతచెట్టు ఉండేది. ఒకడికి తోడు ఇంకొకడు, ఆ తోడు తిరిగి రావడానికి మరొకడు, అలా చివరికి పిల్లలందరం వరసకట్టి వెళ్ళేవాళ్ళం. చాలా ఏళ్ళ తరవాత ఆ కథల్లో ఒకటి ఇంటర్నెట్‌లో కనబడితే, ఈలోగా నేర్చుకున్న హిందీతో మళ్ళీ చూశాను. పెదనాన్న గారు చెప్పిన దాంట్లో సగం ఆ కథలో లేనే లేదు. బావిలో దూకిన కోడలు పిల్లను ఆయన ఎక్కడి నుంచి తెచ్చారో ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆయన కథే బాగుంది.

అవే సంవత్సరాల్లో మన పల్లెల్లో ఎన్నో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దముక్కతో రాసి ఉండేదన్న సంగతి ఆ వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ రాతలు వానకు కొట్టుకుపోయాయి, కొన్ని సున్నం కింద పడిపోయాయి. వాటిని ఎవరూ దాచలేరు, దాచమని నేను అడగడమూ లేదు. అదే కాలంలో అదే భయాన్ని కెమెరా ముందు పెట్టి తీసిన కథలు మాత్రం టేపుల మీదకు ఎక్కాయి. ఆ రోజుల్లో జనం దేనికి జడిశారో, ఏ వెలుగులో జడిశారో రేపు ఎవరైనా తెలుసుకోవాలనుకుంటే చేతికి దొరికే సాక్ష్యం అదే.

ఈ కార్యక్రమం తీసినవాళ్ళ చరిత్ర మీకు తెలియనిది కాదు. కరాచీలో రేడియోల దుకాణం నడిపిన ఫతేచంద్ రామ్‌సింఘానీ పేరు తెల్లవాళ్ళ నోటికి తిరగక రామ్సే అయింది. దేశ విభజన తరవాత బొంబాయి వచ్చిన ఆయన 1970లో తీసిన ఒక చిత్రం ఆడలేదు గానీ, అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగు వేసుకుని దొంగతనానికి వచ్చే ఘట్టం ఒక్కదాని కోసం జనం మళ్ళీ వచ్చి చూస్తున్నారని ఆయన కొడుకులు హాల్లో కూర్చుని గమనించారు. ఏడుగురు అన్నదమ్ముల్లో ఒకరు కథ, ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు ఎడిటింగ్ చూసుకోగా తులసీ, శ్యామ్ దర్శకత్వం చేశారు. తోడికోడళ్ళు తలా ఒక పొయ్యి పంచుకున్న ఉమ్మడి కుటుంబం లాంటి ఆ సంస్థ 1972 నుంచి రెండు దశాబ్దాల పాటు చిన్న బడ్జెట్లలో దయ్యాల సినిమాలు తీసి, థియేటర్లలో ఆ గిరాకీ తగ్గే సమయానికి టీవీకి మళ్ళింది. తొలి కథ 'దస్తక్'లో పంకజ్ ధీర్, అర్చనా పూరణ్ సింగ్ నటించారు. అంతకు కొన్నేళ్ళ ముందే దూరదర్శన్ 'మహాభారత్'లో ధీర్‌ను కర్ణుడిగా చూసిన మా ఇంటి ఆడవాళ్ళు, పాపం ఈయనకు ఇక్కడ కూడా కష్టాలేనా అన్నారు. కార్యక్రమం తరవాతి కాలంలో 'అనహోనీ' అనే పేరుతో కొనసాగింది. తులసీ రామ్సే 2018లో, శ్యామ్ రామ్సే 2019లో, కెమెరా పట్టిన గంగూ రామ్సే 2024లో వెళ్ళిపోయారు. ఏ కథ ఎక్కడ తీశారో, ఏ టేపు ఎవరి దగ్గర ఉందో నోటితో చెప్పగలిగినవాళ్ళు ఇలా ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

1992 అక్టోబరు 2న మొదలైన జీ టీవీకి అప్పట్లో మన గడ్డ మీద నుంచి ఉపగ్రహానికి సంకేతాలు పంపే అనుమతి లేదు. కార్యక్రమాల టేపులు విమానంలో హాంగ్‌కాంగ్ వెళ్ళి, అక్కడి నుంచి ఆకాశానికి ఎక్కి, మళ్ళీ మా వీధి చివర డిష్షులో దిగేవి. బొంబాయిలో తీసిన దయ్యం ఖమ్మం రావడానికి చైనా సముద్రం దాటి రావలసి వచ్చిందన్న మాట. నేను ఈ సంగతి ఎత్తడానికి కారణం వేరే ఉంది. విదేశం నుంచి ప్రసారమైంది కాబట్టి, ఈ కార్యక్రమాల తొలి ఏళ్ళకు సంబంధించి ఏ ప్రతిని ఎవరు ఉంచాలో చెప్పే నియమమే మన దేశంలో లేకపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒకే కథ సాగే సీరియల్‌కూ, వారానికో కొన్ని వారాలకో కొత్త కథ వచ్చే ఇలాంటి సంపుటికీ మధ్య, దాచడం విషయంలో పెద్ద తేడా ఉంది. 1990ల చివర ఈటీవీలో వచ్చిన 'అన్వేషిత'ను తెలుగువాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అచ్యుత్, యమున గుర్తుంటారు, కథ ఒక చోట మొదలై ఒక చోట ముగిసినట్టు గుర్తుంటుంది. అందులో ఒక భాగం లేకపోతే అడిగేవాళ్ళు పదిమంది బయలుదేరుతారు. కథల సంపుటికి ఆ భాగ్యం లేదు. నాయకుడు మారిపోతాడు, ఇల్లు మారిపోతుంది, దయ్యం కూడా మారిపోతుంది. వందల వారాల్లో నలభయ్యో వారం కథ కనబడకపోతే, ముప్పయ్యొమ్మిదో కథ చూస్తున్నవాడికి ఆ లోటు తెలియదు. బంతిలో ఒక విస్తరి తగ్గితే వడ్డించేవాడు గుర్తుపడతాడు గానీ, సంతలో ఒక అంగడి తగ్గితే ఎవరు గుర్తుపడతారు?

చిత్రం ఏమిటంటే, మన కథా సంప్రదాయానికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. అందుకే 11వ శతాబ్దంలో సోమదేవుడి 'కథాసరిత్సాగరం'లోకి చేరిన బేతాళ కథలు పాతికకూ ఒకే చెట్టు, ఒకే శవం, భుజాన మోసే ఒకే రాజు ఉన్నారు. ఆ చట్రం ఉంది కాబట్టే ఒక్క కథ జారినా లెక్క తప్పిందని తెలిసిపోతుంది. 1985లో దూరదర్శన్ ఆ కథలను టీవీకి తెచ్చినప్పుడు కూడా విక్రముడూ బేతాళుడూ ప్రతి వారం ఉన్నారు. జీ హారర్ షోలో గానీ, 1995 అక్టోబరులో సోనీలో బి.పి. సింగ్ మొదలుపెట్టిన 'ఆహట్'లో గానీ అలా లెక్క చెప్పే బేతాళుడు లేడు. ఆ పని చేయవలసినవాళ్ళు మీరే అన్నది నా అభిప్రాయం.

ఇది ఊహించుకున్న భయం కాదని చెప్పడానికి బయటి దేశాల్లో జరిగిన సంగతులు చాలు. బ్రిటన్‌లో బీబీసీ 1968లో ఆరు భాగాలుగా ప్రసారం చేసిన 'లేట్ నైట్ హారర్'లో మిగిలింది ఒక్కటి. అక్కడే 1966 నుంచి 1970 వరకు ఐటీవీలో వచ్చిన 'మిస్టరీ అండ్ ఇమాజినేషన్' 24 భాగాల్లో పూర్తిగా దొరుకుతున్నవి ఎనిమిది. ఆ కాలంలో బ్రిటన్ టీవీలో నిప్పు వల్లో దొంగతనం వల్లో జరిగిన నష్టం కన్నా, టేపు ఖరీదైనది, మళ్ళీ వాడుకోవచ్చు అన్న లెక్క వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. పాత కార్యక్రమం మీద కొత్త కార్యక్రమం ఎక్కించారు. అమెరికాలో 1959 నుంచి 1964 దాకా సీబీఎస్‌లో నడిచిన 'ట్విలైట్ జోన్' 156 భాగాలూ మిగలడానికి ఒక ముఖ్య కారణం, ఖర్చు తగ్గించుకోవడానికి టేపు మీద తీసిన ఆరు భాగాలు తప్ప మిగతావన్నీ ఫిల్ము మీద తీయడం. ఆ ఆరింటినీ ఇవాళ చూస్తే నాటకానికి కెమెరా పెట్టినట్టు వెలవెలబోతూ ఉంటాయి.

టేపు చెరగకపోయినా కథకు గండం తప్పదనడానికి, 'ట్విలైట్ జోన్' సృష్టికర్త రాడ్ సెర్లింగ్‌కే జరిగిన మరో ముచ్చట ఉంది. 1970లో ఎన్‌బీసీలో మొదలైన ఆయన 'నైట్ గ్యాలరీ' చివరి సీజన్ తప్ప ఒక్కో వారం గంట సేపు, ఆ గంటలో రెండు మూడు కథలతో నడిచేది. అది ఆగిపోయాక వేరే స్టేషన్లకు అమ్మడం కోసం అరగంట ముక్కలుగా కోశారు. కొన్ని కథలను కురచ చేశారు, కొన్నిటిని సాగదీశారు, లెక్క సరిపోక వేరే కార్యక్రమం భాగాలను తెచ్చి సెర్లింగ్ చేతనే కొత్త పరిచయాలు చెప్పించి ఇందులో కలిపారు. చాలా ఏళ్ళ పాటు ఆ దేశంలో ప్రేక్షకులు చూసింది ఆ కోత ప్రతినే. మన దగ్గర ఇంటర్నెట్‌లో దొరికే పాత భాగాల్లో ఏది అసలు నిడివిదో, ఏది ప్రకటనల కోసం కోసిందో చెప్పగల అధికారిక జాబితా ఎవరి దగ్గర ఉంది?

టేపు మీద టేపు ఎక్కించిన పాపంలో మాకూ వాటా ఉంది. మా అన్నయ్య పెళ్ళి వీడియోలు తీసే దుకాణంలో పనిచేసేవాడు. అక్కడి వీసీఆర్ ఒక రాత్రికి ఇంటికి తెచ్చి, చేతికి దొరికిన క్యాసెట్‌లో జీ హారర్ షో రికార్డు చేశాడు. ఆ క్యాసెట్ నా దగ్గర ఉంది. దాని చీటీ మీద నీలం బాల్‌పెన్నుతో 'అక్క సీమంతం' అని రాసి కొట్టేసి, కింద ఎర్ర సిరాతో 'దయ్యం 2' అని ఉంటుంది. 'దయ్యం 1' ఏమైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా బీరువా పైఅరలో దుప్పట్ల కింద పడి ఉన్న దాన్ని బయటికి తీస్తే, మూత అద్దంలోంచి టేపు చుట్ట అంచున తెల్లగా నూలుపోగుల్లాంటి బూజు కనిపించింది. ఊళ్ళో ఒక దుకాణం వాళ్ళు, దీన్ని పెడితే మా మెషీన్ హెడ్ పోతుంది సార్ అని ముట్టుకోలేదు. హైదరాబాద్‌లో ఒకాయన ఒప్పుకుని, దూదితో తుడిచి, ముందుకూ వెనక్కూ తిప్పి, చివరికి పదకొండు నిమిషాలు బయటికి లాగారు. బొమ్మ కింది నుంచి పైకి జారుతూ ఉంది. ఒక మెట్ల వరస, ఒక చెయ్యి, ఎవరో తలుపు తీస్తున్న చప్పుడు, ఆపైన తెరంతా నీలం. ఆ నీలం ఆగినచోట ఒక్కసారిగా మా అక్క కుర్చీలో కూర్చుని ఉంది, చుట్టూ మేనత్తలు హారతి పాడుతున్నారు, పాట సగంలో తెగిపోయింది. ఒక దయ్యం కోసం మేము ఒక పేరంటాన్ని చెరిపేశాం. దయ్యమూ దక్కలేదు.

ఇంట్లో జరిగితే ఇది నవ్వుకునే సంగతి. ఒక పరిశ్రమలో జరిగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? ఆ దశాబ్దంలో టీవీ కార్యక్రమాలు చాలావరకు యూమాటిక్, బీటాక్యామ్ టేపుల మీద ఉండేవి. అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించి ఉంచే జిగురు తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, పొడి రాలుతుంది. టేపు బాగానే ఉన్నా దాన్ని ఆడించే యంత్రం ఉండదు, యంత్రం ఉంటే దాని హెడ్ ఉండదు, రెండూ ఉంటే బాగుచేసే మనిషి ఉండడు. యునెస్కో, శబ్ద దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి 2019లోనే హెచ్చరిక చేశాయి. అయస్కాంత టేపుల మీద ఉన్నదాన్ని చాలా చోట్ల 2025 ప్రాంతానికే బయటికి తీయలేని పరిస్థితి వస్తుందన్నది దాని సారాంశం. ఆ గడువు కూడా దాటిపోయింది.

మన కాపీరైటు చట్టం ప్రకారం ఇలాంటి చిత్రణపై హక్కు ప్రచురణ తరవాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1993 నాటి కథ మీద హక్కు 2053 చివరి దాకా బతుకుతుంది, దాన్ని మోస్తున్న టేపు మాత్రం అన్నాళ్ళు బతకదు. హక్కుదారు తలుపు తీయకపోతే, 2054లో జనం ఆస్తి అయ్యేనాటికి అందులో ఉండేది ఖాళీ పెట్టె.

ఇక మీ నియమాల సంగతి. ప్రసార అనుమతులకు మీ శాఖ పెట్టిన మార్గదర్శకాల ప్రకారం చానళ్లు తాము ప్రసారం చేసినదాని రికార్డును 90 రోజులు ఉంచి, ప్రభుత్వం అడిగితే చూపించాలి. తప్పు పట్టుకోవడానికి 90 రోజులు చాలు, నిజమే. 91వ రోజున దాన్ని ఏం చేయాలో మాత్రం ఎక్కడా లేదు. పుస్తకం సంగతి చూడండి: 1954 నాటి చట్టం కింద దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులు జాతీయ గ్రంథాలయానికీ నిర్దేశిత గ్రంథాలయాలకూ ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలి, రెండేళ్ళ తరవాత పత్రికలనూ అందులో చేర్చారు. పిల్లల ఎక్కాల పుస్తకానికి ఉన్న ఆ గౌరవం కోట్లమంది చూసిన టీవీ కార్యక్రమానికి లేదు. ఫ్రాన్స్ 1992లోనే చట్టం చేసి రేడియో, టీవీ ప్రసారాల ప్రతులను జాతీయ దృశ్య శ్రవణ సంస్థకు అప్పగించడం తప్పనిసరి చేసింది.

కాబట్టి నేను కోరేది ఇది. ఆ 90 రోజులు ముగిశాక చెరిపేసే ముందు ఒక మంచి ప్రతిని భాండాగారానికి అందజేయాలని మార్గదర్శకాల్లో చేర్చండి. అది వెంటనే చేయగలిగిన పని, చట్టం నెమ్మదిగా రావచ్చు. గతానికి సంబంధించి ముందుగా జాబితా కావాలి. హక్కులున్న చానళ్లనూ నిర్మాతల వారసులనూ పిలిచి కూర్చోబెట్టి, కథ పేరు, ప్రసార తేదీ, రచయిత, దర్శకుడు, నటులు, టేపు రకం, టేపు ఉన్న చోటు రాయించండి. డిజిటల్‌కు మార్చడం తరవాతి సంగతి; ఏది ఉందో తెలియకుండా దేన్ని మారుస్తాం? ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్నవాటిని చూపించి సరిపెట్టవద్దు, అక్కడ ఉంచినవాళ్ళు రేపు తీసేయనూ గలరు. అలాగే, మా ఇంట్లో ఉన్నలాంటి క్యాసెట్లు దేశమంతా బీరువాల్లో ఉంటాయి. వాటిని తెచ్చి ఇచ్చేవాళ్ళ మీద కాపీరైటు కేసు ఉండదని ఒక్క ప్రకటన చేస్తే చాలు. బ్రిటన్‌లో పోయాయనుకున్న కార్యక్రమాల్లో కొన్ని తిరిగి దొరికింది ఇలాంటి సొంత సేకరణల నుంచే.

మూఢనమ్మకాలను ప్రజాధనంతో కాపాడాలా అని ఎవరైనా సభలో అడగవచ్చు. భాండాగారంలో పెట్టడం అంటే యోగ్యతాపత్రం ఇవ్వడం కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కథలన్నీ గొప్పవని కూడా నేను అనను. రబ్బరు ముసుగు అతుకు మెడ దగ్గర కనబడుతుంది, పొగ ఎక్కడి నుంచి వస్తోందో కనబడుతుంది, ఆడమనిషి ఉన్నది అరవడానికే అన్నట్టు రాసిన కథలు లెక్కలేనన్ని. అయినా హవేలీలో ఉండే దయ్యాన్ని 'ఆహట్' తన కథల్లో పట్నపు ఫ్లాటుకు, లిఫ్టుకు, టెలిఫోనుకు తెచ్చిన తీరు చూస్తే, అప్పుడే ఊరు విడిచి అపార్టుమెంటుకు చేరిన మధ్యతరగతి కొత్త ఇంటిని చూసి ఎంత బెదిరిందో ఏ సామాజిక అధ్యయనం కన్నా స్పష్టంగా తెలుస్తుంది. నా మటుకు నాకు రామ్సేల పాడుబడ్డ బంగళాలే ఇష్టం, అది వేరే సంగతి.

1964లో పుట్టిన మీ భాండాగారం 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసింది. సినిమాల పునరుద్ధరణకు జాతీయ చలనచిత్ర వారసత్వ కార్యక్రమం కింద దాదాపు 597 కోట్ల రూపాయలు కేటాయించుకున్నాం. 1931 నాటి తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'కు ఒక్క ప్రతి కూడా మిగలలేదన్న బాధలోంచే ఇలాంటి పనులు పుట్టాయి. అప్పట్లో సినిమాను చవకబారు వినోదం అన్నవాళ్ళే ఎక్కువ, అందుకే ఫిల్మును కరిగించి వెండి తీసుకున్నప్పుడు అడ్డుపడ్డవాళ్ళు లేరు. ఆ మొత్తంలో టీవీకి ఒక చిన్న భాగం, ఒక గది, పనిచేసే నాలుగు పాత యంత్రాలు, వాటిని నడపడం తెలిసిన ఇద్దరు మనుషులు ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

నా క్యాసెట్‌ను మీకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. పుణె తీసుకురమ్మంటే తెస్తాను, హైదరాబాద్‌లో ఎక్కడైనా ఇవ్వమంటే ఇస్తాను. ఏ కిటికీ దగ్గర ఎవరికి ఇవ్వాలో తెలియజేయగలరు. మా అక్క ఒక్క షరతు పెట్టింది. దయ్యం తరవాత వచ్చే హారతి పాట ముక్కను కూడా కాపీ చేసి ఆమెకు పంపాలట.

భవదీయుడు,
ఒక ప్రేక్షకుడు,
ఖమ్మం.